అసైన్‌మెంట్లు ఆరు... చదివేదెవరు?

మిడ్ పరీక్షలకు వారం ముందు, సాయంత్రం పూట తిరుపతి బాలాజీ కాలనీలో ఏ జిరాక్స్ షాపు ముందైనా పది నిమిషాలు నిలబడి చూడండి. ఎవరో బాగా రాసే అమ్మాయి అసైన్‌మెంట్ల కట్ట ఒకటి తెస్తుంది, దాన్ని చుట్టూ ఉన్నవాళ్లు ఫోన్లలో ఫొటోలు తీసుకుంటారు, తీసుకున్నవాళ్ల దగ్గర ఇంకొకరు తీసుకుంటారు, తెల్లారేసరికి ఒకే జవాబు అరవై చేతిరాతల్లో తయారవుతుంది.

మా అన్న కూతురు ఇక్కడే ఒక కాలేజీలో డిగ్రీ రెండో ఏడాది. మొన్న ఆదివారం పొద్దున కూర్చుని రాత్రి పదకొండు దాకా ఆరు సబ్జెక్టుల అసైన్‌మెంట్లు పూర్తి చేసింది. పూర్తి చేయడమంటే సీఆర్ (క్లాస్ రిప్రజెంటేటివ్) వాట్సాప్‌లో పంపిన పీడీఎఫ్ ముందు పెట్టుకుని దించడమే. ఒకచోట పొరపాటున రెండు పేజీలు దాటేసింది, ఒక ప్రశ్న సగం జవాబు పోయి ఇంకో ప్రశ్న జవాబుకు అతుక్కుంది. అది చూసి చెప్పాను. "ఏం కాదులే చిన్నాయనా, యాడ చదువుతారు, పేజీలు లెక్కబెట్టి సంతకం పెడతారు అంతే" అంది. నిజంగానే పెట్టారు. పదికి తొమ్మిది వచ్చాయి.

ఈ మధ్య ఎవరిని కదిపినా ఒకటే మాట, పిల్లలు చెడిపోయారు, చాట్‌జీపీటీ వచ్చి చదువును నాశనం చేసింది అని. అది వచ్చింది 2022 నవంబరులో. రికార్డులు దించడం, డబ్బులిచ్చి రాయించుకోవడం మా రోజుల్లోనే ఉంది, అప్పటికి ఇంట్లో కంప్యూటర్ కూడా లేదు. 2015-16లో డిగ్రీకి సెమిస్టర్ పద్ధతి వచ్చాక ఏడాదికోసారి పడే బరువు ఆర్నెల్లకోసారి పడుతోంది, తేడా అంతే. నన్నడిగితే పిల్లలు చేస్తున్నది మోసం కూడా కాదు. చదవరని ముందే తెలిసిన కాగితం మీద ఎవరైనా ఎంత శ్రద్ధ పెడతారో వాళ్లూ అంతే పెడుతున్నారు. రాసేవాడు చదవడు, దిద్దేవాడు చదవడు, ఏడాది చివర పాత కాగితాలు కొనేవాడు మాత్రం తూకం వేసి తీసుకుపోతాడు.

లెక్చరర్ల వైపు నుంచి ఒక మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నా. సెక్షన్‌కు అరవై మంది, ఆరు సబ్జెక్టులు, ఒక్కోటి పది పేజీలు. అంటే ఒక్క సెక్షన్‌కే 3,600 పేజీలు. చాలా కాలేజీల్లో వాళ్లు గెస్టులో కాంట్రాక్టువాళ్లో, పైగా అడ్మిషన్ల పని, ఆన్‌లైన్ ఎంట్రీల పని వాళ్ల మీదే. ఎలా చదువుతారు అంటారు. నిజమే, చదవలేరు. చదవలేనప్పుడు రాయించడం ఎందుకు?

నేనైతే ఆరూ తీసేసి సెమిస్టర్‌కు ఒక్కటే పెట్టమంటాను, అన్ని సబ్జెక్టులకూ కలిపి. నవ్వకండి, మన పక్కనే చిత్తూరు జిల్లాలో అలాంటి అసైన్‌మెంట్ ఒకటి కళ్ల ముందు జరిగిపోయింది, ఏ కాలేజీ వాడుకుందో నాకైతే కనబడలేదు.

2025 జూన్ గుర్తుందిగా? తోతాపురి మామిడి ధర పడిపోయి, పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూ కట్టి, లోడులోనే కాయ కుళ్లిపోయిన సీజన్. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించారు. ఆ 8 కూడా చేతికి రాలేదని రైతులు గొడవపడ్డారు. ఇప్పుడు ఎకనామిక్స్ చదివే పిల్లవాడిని అడగండి, ధర పడిపోతుంటే రైతు సరుకు ఎందుకు ఆపుకోలేకపోయాడు అని. పండిన కాయ చెట్టు మీద ఆగదు, కోస్తే బండిలో ఆగదు, అందుకే సరఫరాకు వ్యాకోచత్వం లేదు, అంటే ధర మారినంత మాత్రాన సరఫరా మారదు అని వాడు రాస్తే నూటికి నూరు వేయొచ్చు. వాడు రాస్తున్నదేమో పుస్తకంలోని నిర్వచనం, కింద ఒక గ్రాఫు. కామర్స్ పిల్లలకు ఇంకా మంచి ప్రశ్న ఉంది: అంతకు ముందు తీసిన పల్పే అమ్ముడుపోక నిల్వ ఉంది కాబట్టి కొనలేం అన్నాయి కదా ఫ్యాక్టరీలు, ఆ నిల్వకు వడ్డీ ఎంత, గోడౌన్ ఖర్చు ఎంత, ఏ ధర దగ్గర కొంటే నష్టం రాదు? కెమిస్ట్రీ వాళ్లు బ్రిక్స్, అంటే రసంలో తీపి పాళ్లు, కొలిచి చూడొచ్చు, కాయలో తీపి తగ్గితే ఫ్యాక్టరీ ఎందుకు వెనక్కి పంపుతుందో, పీహెచ్ 4.6 కంటే తక్కువ ఉండటం పల్ప్ చెడకుండా ఎందుకు కాపాడుతుందో రాయొచ్చు. స్టాటిస్టిక్స్‌కు ఆ ట్రాక్టర్ల క్యూ చాలు. పొలిటికల్ సైన్స్ వాళ్ల అదృష్టమైతే చెప్పక్కర్లేదు, అదే నెలలో చిత్తూరు జిల్లాలోకి బయటి రాష్ట్రాల తోతాపురి రాకుండా నిషేధం పెట్టారు, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రి చంద్రబాబుకు ఉత్తరం రాశారు. దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలనే రాజ్యాంగం 301 అధికరణం ఉండగా జిల్లా కలెక్టర్ ఆర్డరు నిలబడుతుందా? ఇంతకంటే మంచి ప్రశ్న ఏ గైడులో ఉంది?

చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం మామిడి మార్కెట్‌కు ఒకరోజు పోయి రైతుతో, ఏజెంటుతో, డ్రైవర్‌తో మాట్లాడితే ఇవన్నీ ఒకేచోట దొరుకుతాయి. మామిడి తోటలున్న ఇళ్ల పిల్లలైతే వాళ్ల నాన్ననే అడగొచ్చు. పది పేజీలు చాలు. తర్వాత పిలిచి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అడగాలి, కాయలు ఎవరి దగ్గర చూశావు, ఈ అంకె ఎక్కడిది అని. అరవై మందికి ఐదేసి నిమిషాలు అంటే 300 నిమిషాలు, ఆరుగురు లెక్చరర్లు పంచుకుంటే ఒక్కొక్కరికి యాభై నిమిషాలు. చాట్‌జీపీటీతో రాయించుకున్నాడా లేదా అనేది రెండో ప్రశ్నకే తేలిపోతుంది, దానికి వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

ఇదేదో నేను కనిపెట్టిన కొత్త సంగతి కాదు. 2020 జాతీయ విద్యా విధానం సబ్జెక్టుల మధ్య గోడలు తీసేయాలనే చెప్పింది. మన రాష్ట్రంలో 2020-21 సిలబస్‌తో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు తప్పనిసరి చేశారు, ఆలోచన చాలా మంచిది. కానీ ఆ రిపోర్టులు కూడా జిరాక్స్ షాపుకే చేరాయి, ఊరి పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేసిన రిపోర్టులు నేనే చూశాను. అది కూడా ఎవరూ చదవకపోవడం వల్లే.

ఇంకో సంగతి ఉంది, అసలు రోగం అదేనని నా అనుమానం. ఆ మామిడి గొడవంతా మా అన్న కూతురికి తెలుసు. వాళ్ల అమ్మమ్మ వాళ్లకు రెండెకరాల తోట ఉంది, ఏ రోజు ఎంత ధర పలికిందో, ఫ్యాక్టరీ టోకెన్ కోసం మామ ఎన్ని రాత్రులు లోడు దగ్గర పడుకున్నాడో అన్నం తింటూ అరగంట చెప్పింది, ఎక్కడా తడుముకోలేదు. అదే రాయమంటే పెన్ను కదలదు, ఎందుకంటే ఇంగ్లిష్‌లో రాయాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ చదువులన్నీ ఇంగ్లిష్ మీడియమే అన్నారు. ఇంగ్లిష్ వద్దని నేననను, శ్రీసిటీలో ఉద్యోగానికైనా బెంగళూరుకైనా అది కావాలి. కానీ పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లను ఒక్కసారిగా ఇంగ్లిష్‌లో సొంతంగా ఆలోచించి రాయమంటే ఏం చేస్తుంది? దించుతుంది. దించితే తప్పులుండవు, సొంతంగా రాస్తే ప్రతి లైనుకూ ఎర్ర గీత. తెలుగులో తెలిసిన విషయం ఇంగ్లిష్‌లో తెలియనట్టే లెక్క అయిపోయింది. పరీక్ష ఇంగ్లిష్‌లోనే పెట్టుకోండి, కనీసం ఈ ఒక్క అసైన్‌మెంటైనా తెలుగులో రాయనివ్వండి, అడిగే ఆ ఐదు నిమిషాలు తెలుగులో అడగండి.

ఇదంతా చెబితే మా అమ్మాయి కాసేపు విని, "తెలుగులో రాస్తే ఇంటర్నల్స్ మార్కులు వేస్తారా చిన్నాయనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. నెలాఖరుకు మళ్లీ ఆరున్నాయట. సీఆర్ ఇంకా పీడీఎఫ్ పంపలేదని టెన్షన్ పడుతోంది.