మన పెరళ్లే పాముల్ని పిలుస్తున్నాయి

కడప జిల్లాలో ఏ ఊరికి పోయినా ఇంటి పక్కన బండల దొంతర ఒకటి కనిపిస్తుంది. ఇల్లు కట్టగా మిగిలినవి కొన్ని, ఎప్పటికైనా పనికొస్తాయని దాచినవి కొన్ని. ఆ పక్కనే వంటచెరకు, కోళ్ల గూడు. అనంతపురం వైపయితే వేరుశనగ కట్టె వామి, కర్నూలు వైపయితే కందికట్టె మోపులు. రాలిన గింజలకు ఎలుకలు చేరతాయి, ఎలుకల కోసం పాము వస్తుంది. ఎండాకాలంలో బండల కింది చల్లదనం వదిలి అది ఎక్కడికి పోతుంది?

పాము కనబడ్డాక మనం చేసేది మాత్రం ఇంటి చుట్టూ కార్బాలిక్ యాసిడ్, గంధకం, వెల్లుల్లి నీళ్లు చల్లడం. వీటికి పాములు దూరంగా పోతాయనడానికి నమ్మదగిన ఆధారం లేదు. పైగా ఆ యాసిడ్ మనిషి చర్మాన్ని కాలుస్తుంది. చిన్నపిల్లలు తిరిగే పెరట్లో దాన్ని పోయడం నాకు భయంగా ఉంటుంది. ఆ డబ్బుతో కూలి పెట్టి బండలు తీయించి, కట్టెల్ని గోడకు దూరంగా, నేలకు అడుగు ఎత్తున పేర్పించుకోవడం మేలు. ఆ పని పగటిపూటే చేయాలి, కాళ్లకు బూట్లుండాలి, ముందు కర్రతో కదిపి చూడాలి. మూరెడుకు అటూ ఇటూగా ఉండే చిన్నపింజర అనే విషప్పాము మన రాతి నేలల్లో సరిగ్గా అలాంటి సందుల్లోనే ఉంటుంది.

కనబడ్డ ప్రతి పామునూ చంపడం కూడా మనకే నష్టం. జెర్రిపోతుకు విషం లేదు, అది పెరట్లో ఎలుకల్ని తింటుంది. నాగుపామయినా సరే, కర్ర పట్టుకుని దగ్గరికి పోయినవాళ్లు దాని కాటుకు అందుతారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాముల్ని చంపడం నేరం కూడా. దూరంగా నిలబడి, అది ఎటు పోతోందో చూస్తూ అటవీశాఖకో, శిక్షణ ఉన్న పాములు పట్టేవాళ్లకో ఫోన్ చేయాలి.

నాగుపాము పడగ విప్పుతుంది, రక్తపింజర బుస కొడుతుంది. నాకు వీటికంటే ఎక్కువ భయం కట్లపాము. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లను నిద్రలోనే కరుస్తుంది. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు రాదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లారుజామున కడుపునొప్పి, వాంతులు, తర్వాత కనురెప్పలు వాలిపోవడం, మాట ముద్దయిపోవడం. ఇంట్లోవాళ్లు అజీర్తి అనుకుని సోడా తాగిస్తారు. ఆ లోపల ఊపిరి తీసే కండరాలు పనిచేయడం మానేస్తాయి. ఎండలకు ఆరుబయట పడుకోవడం మనకు అలవాటు కాబట్టి చెబుతున్నా: మంచం మీద పడుకోవాలి, దోమతెర అంచుల్ని పరుపు కిందికి దోపాలి. రాత్రి దొడ్లోకి పోతే చేతిలో టార్చిలైటు ఉండాలి.

కాటు పడ్డాక మంత్రగాడి దగ్గరికి పోయి బతికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కరిచింది విషం లేని పామై ఉండొచ్చు, లేదా విషప్పామే కరిచినా విషం ఎక్కించకపోయి ఉండొచ్చు. అలా బతికినవాళ్ల పేరు చెప్పుకుంటూ, నిజంగా విషం ఎక్కినవాడిని గంటల తరబడి పసరుకట్టుతో కూర్చోబెడుతున్నాం. తాడు బిగించొద్దు, గాటు కోయొద్దు. కాలు విరిగితే కట్టినట్టు కదలకుండా కట్టి 108కి ఫోన్ చేయాలి. పామును వెతికి చంపి ఆస్పత్రికి తేవాల్సిన పనీ లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఇచ్చే విరుగుడు ఒక్కటే.

2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో తెలంగాణతో కలిపి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో జాతీయ ప్రణాళిక ప్రకటించింది. ప్రణాళిక మంచిదే, అది రాయదుర్గం, బద్వేలు పల్లెల దాకా రావాలి. పింజర కాటుకు రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని కనిపెట్టడానికి శుభ్రమైన పొడి గాజుగొట్టంలో కాస్త రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తే చాలు. అంత చిన్న పరీక్ష ఏ పీహెచ్‌సీలోనైనా జరగాలి. విరుగుడు మందు ఎక్కడ ఉంది, రాత్రిపూట డాక్టరు ఉంటారా, కట్లపాము కాటుకు అవసరమయ్యే వెంటిలేటరు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉంది, ఈ మూడూ ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి. వానలు మొదలై పాములు బయటికి రాకముందే ఆ పని జరగాలి.