స్ఫూర్తికి ఉండవలసిన కనీస దూరం

విజయనగరం కోట చుట్టూ రోజూ ఉదయం నడిచే మా బృందానికి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. తెల్లవారి అయిదున్నరకల్లా అందులో స్ఫూర్తిదాయకమైన కథ ఒకటి పడకపోతే సభ్యులకు కాఫీ దిగదు. పదేళ్లుగా ఈ కథలను శ్రద్ధగా పరిశీలించిన మీదట నేనొక సిద్ధాంతానికి వచ్చాను. మనిషి గుండె కరగాలంటే ఆ సంఘటన జరిగిన చోటు అతడి గుమ్మానికి కనీసం 1,000 కిలోమీటర్ల దూరంలో ఉండి తీరాలి. అంతకన్నా దగ్గర్లో జరిగినది ఎంత గొప్పదైనా ఇరుగుపొరుగు కబురు కిందికే వస్తుంది.

జపాను రైలు సంగతే చూడండి. హొక్కైదో దీవిలో ఒకే ఒక్క విద్యార్థిని కోసం ఒక స్టేషనును మూయకుండా నడిపారన్న కథ మా గ్రూపుకు ఏడాదికి నాలుగుసార్లయినా వస్తుంది. ఆ స్టేషను 2016 మార్చిలోనే మూతపడింది, కథలో కొంత కల్పన కలిసిందనీ అప్పట్లోనే తేలింది. మా గ్రూపులో మాత్రం ఆ రైలు నేటికీ నిమిషం ఆలస్యం లేకుండా నడుస్తోంది, మా వాళ్లు నేటికీ కళ్లు తుడుచుకుంటున్నారు.

ఆ కళ్లు తుడుచుకునే పని మేము చేసేది సరిగ్గా మహారాజా సంగీత కళాశాల గోడ పక్కన నిలబడే. తన కొలువులోని ఒకరి కుమారుడికి చూపు లేదనీ, సంగీతం మీద మక్కువ ఉందనీ తెలిసి, ఆ ఒక్క పిల్లవాడి నిమిత్తం విజయరామ గజపతిరాజు 1919లో పెట్టించిన కళాశాల అది. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులు. చూపు సరిగా ఆనని ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరుదామని ఫిడేలు పట్టుకుని వస్తే, వాయింపు విని, ఈయనకు నేర్పేదేముంది, ఈయనే నేర్పాలని ఆచార్యుణ్ణి చేశారట. ఇల్లిల్లూ తిరిగి మధుకరం చేసుకుని పొట్ట నింపుకున్న ఘంటసాల చదివినదీ ఇక్కడే. అయినా ఈ గోడ మాకు ఉపయోగపడేది బూటు తాడు కట్టుకునేటప్పుడు చెయ్యి ఆనించుకోవడానికి మాత్రమే. తప్పు మాది కాదు. దూరం చాలలేదు.

మనుషుల మాట అలా ఉంచితే, పక్షులకు సైతం ఈ నిబంధన నుంచి మినహాయింపు లేదు. శ్రీకాకుళం జిల్లాలో ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి ఏటా తొలకరితో పాటు వందలాది కొంగలు వచ్చి, ఇళ్ల మధ్య చెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకుని వెళతాయి. వాటి ముక్కు పూర్తిగా మూసుకోదు. రెండు దవడల నడుమ పోకచెక్క పట్టేంత సందు ఉంటుంది. జారిపోయే నత్తను పట్టడానికి అలాంటి ముక్కు అనువుగా ఉంటుందంటారు. ఇవి భారత ఉపఖండంలోనూ ఆగ్నేయాసియాలోనూ బతికే పక్షులు, మంచు మొహం ఎరుగవు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే గూడబాతులదీ దాదాపు ఇదే చిరునామా. కానీ ఆ చిరునామాతో వస్తే వాటిని చూడటానికి ఎవరు బయలుదేరతారు? అందుకని అందరం కలిసి వాటికి ఉదారంగా సైబీరియా పౌరసత్వం ఇచ్చేశాము. ఒకసారి తేలుకుంచిలో రెట్టలతో తెల్లబడిన వాకిలిని చీపురుతో కడుగుతున్న ఒక ముసలమ్మను, సైబీరియా నుంచి వచ్చిన అతిథులు ఎలా ఉన్నారని మర్యాదగా అడిగాను.

"సైబీరియావో గైబీరియావో నాకేటి ఎరిక బాబూ! నాను కాపరానికొచ్చిన కాణ్ణుంచీ మా సింతసెట్టు మీదే పిల్లల్ని పెడతన్నాయి. ఆటి మీద రాయేస్తే మావోళ్లు ఊరుకోరు" అని ఆవిడ మళ్లీ చీపురు అందుకుంది.

అటవీశాఖ కంచె అక్కరలేకుండా ఒక ఊరు ఊరంతా తరతరాలుగా రెట్టలు కడుగుతూ, కంపు భరిస్తూ పక్షులను కాచుకోవడంలో వార్త ఏముందో నాకు బోధపడలేదు. పక్షులు సైబీరియావి కావడమే వార్త.

పొందూరులో ఆడవాళ్లు వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు. ఎముకలోని సన్నని పళ్లు సూదుల్లా గింజను అంటుకున్న పోగులను ఒత్తుగా, తిన్నగా దువ్వి, నలుసు లేకుండా చేస్తాయి. ఆ దూదితో 100 కౌంటు నూలు, అంటే అతి సన్నని నూలు, వడికే చేతులు అవి. గాంధీజీ దీనికి ముచ్చటపడ్డారంటే ఆశ్చర్యం లేదు, ఆయన సబర్మతి నుంచి చూశారు, దూరం సరిపోయింది. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట అనే ఊరుందని మాలో చాలామందికి తెలిసింది కూడా 2000లో సిడ్నీలో కరణం మల్లీశ్వరి రెండు విభాగాల్లో కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచాకనే. (ఇంత బరువైన భాషలో ఇదంతా రాస్తున్నందుకు, వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన పర్వతాలపేట గిడుగు రామమూర్తి పంతులు గారు మన్నించాలి. సవర గిరిజనుల పిల్లల కోసం వారి భాష నేర్చుకుని నిఘంటువు సైతం కూర్చిన ఆ మనిషిని కూడా మేము ఆగస్టు 29న మాత్రమే తలుచుకుంటాము.)

సిద్ధాంతం అన్నాక ప్రయోగం చేయాలి కనుక చేశాను. విజయనగరంలో ఒక రాజు చూపులేని పిల్లవాడి కోసం సంగీత కళాశాల పెట్టించిన వైనాన్ని మా గ్రూపులో వివరంగా రాశాను. ఇద్దరు చదివారు. మూడోవారు దాని కిందనే మున్సిపాలిటీ కుళాయి నీళ్లు రాలేదని రాశారు. రెండు వారాలు ఆగి, అదే కథలో ఊరి పేరు, రాజు పేరు తీసేసి, జపానులో ఒక ప్రభువు అని మార్చి, చెర్రీ పూల బొమ్మ ఒకటి తగిలించి మళ్లీ పెట్టాను. అరగంటలో నలభై దండాలు పడ్డాయి. కళాశాల వెనక వీధిలోనే సొంత ఇల్లున్న మా అడ్మిన్ గారు అన్నిటికన్నా కింద ఇలా రాశారు: "మన దగ్గర ఇలాంటివి కలలో కూడా జరగవండీ."