మాత్రలు ఆపేయమంటారా, మావయ్యా?

పొద్దున్నే మా ఇంటి వాట్సాప్ గ్రూపులో చిన్నాన్న ఓ మెసేజ్ పెట్టాడు. లక్ష్మణఫలం కషాయం కీమో కంటే పదివేల రెట్లు బలమట. దాని కింద మా వదిన అడిగింది: "మరి నా మాత్రలు ఆపేయమంటారా, మావయ్యా?" అది చదివి నా చేతులు వణికాయి. ఇప్పటికీ కోపం దిగలేదు.

వదినకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయి రెండేళ్లు. జబ్బు మళ్లీ రాకుండా రోజూ టామాక్సిఫెన్ అనే మాత్ర వేసుకోవాలి, అయిదేళ్లపాటు. దానివల్ల ఒంట్లోంచి ఆవిర్లు వస్తున్నాయని అసలే విసిగిపోయి ఉంది. అలాంటి మనిషికి ఈ మెసేజా!

ఆ పదివేల రెట్లు ఎక్కడివో తెలుసా? 1996లో లక్ష్మణఫలం గింజల్లోంచి తీసిన ఒక పదార్థాన్ని ల్యాబ్‌లో పెంచిన కణాల మీద వేసి చూశారు. అంతే. అక్కడ రోగి లేడు, కషాయమూ లేదు.

టామాక్సిఫెన్ అలా వచ్చింది కాదు. రోగులకు మందిచ్చి చూసే ట్రయల్స్ చాలా జరిగాయి గానీ, విడివిడిగా చూస్తే చిన్న ట్రయల్స్‌లో సంగతి తేలలేదు. 1980ల్లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దేశదేశాల ట్రయల్స్ నుంచి ఒక్కో రోగి వివరం తెప్పించి, అన్నీ కలిపి లెక్క కట్టడం మొదలుపెట్టారు. క్యాన్సర్ కణాల్లో హార్మోన్ రిసెప్టర్ (హార్మోన్‌ని పట్టుకునే భాగం) ఉన్నవాళ్లు అయిదేళ్లు వేసుకుంటే, పదిహేనేళ్లలో ఆ జబ్బుతో చనిపోయేవాళ్లు దాదాపు మూడో వంతు తగ్గారు. సిస్టమాటిక్ రివ్యూ అంటే ఇది. బతికినవాళ్లతో పాటు పోయినవాళ్లనీ లెక్కలోకి తీసుకుంటారు. కషాయం నమ్ముకుని పోయినవాళ్ల పేరు ఏ ఫార్వర్డ్‌లోనైనా చూశారా?

డాక్టర్ల మీదా కోపమే. ఇలాంటి రివ్యూలుండే కోక్రేన్ లైబ్రరీ అనే ఆన్‌లైన్ భాండారాన్ని ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ డబ్బు కట్టి 2007లోనే దేశమంతటికీ తెరిచింది. అయినా "అయిదేళ్లు ఎందుకండీ?" అని వదిన అడిగితే "చెప్పింది చెయ్యమ్మా" అన్నారు. రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఈరోజు మావయ్యని అడిగేదా?

మా నాయనమ్మకూ ఇంతే జరిగింది. ఆవిడ అడ్డపొగ తాగేది, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని. అంగిట్లో పుండు లేచింది. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం ఒడియాలో ఉంది. 1936లో మా పర్లాకిమిడిని ఒడిశాలో కలిపారు గానీ మా ఇళ్లలో మాట తెలుగే. నాన్న ఒడియా మాట్లాడతాడు, చదవలేడు. మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో పక్కింటి కుర్రాడు చదివి చెప్పేసరికి ఆ తేదీ దాటి మూడు వారాలైంది. మన ఊళ్లో మనకర్థమయ్యే భాషలో నాలుగు ముక్కలు రాసివ్వడం అంత కష్టమా?

వదినకు ఫోన్ చేశాను. ఈరోజు మాత్ర ఇంకా వేసుకోలేదట. ఫోన్ పెట్టకుండా నీళ్లు తెచ్చుకోమన్నాను, మింగేదాకా లైన్లోనే ఉన్నాను.

చిన్నాన్నా, నువ్వూ ఇది చదువుతావు. ముందు ఆ మెసేజ్ తీసెయ్.