సవరణ: వాలీబాల్‌లో సీనియర్ల వేగం గురించి

మొన్నటి పోస్టులో రెండు తప్పులు రాశాను. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వచ్చే స్మాష్, 7 మీటర్ల దూరంలో ఉన్న డిఫెండర్‌ని చేరడానికి అర సెకను పడుతుందన్నాను. లెక్క తప్పింది. ఆ వేగం సెకనుకు దాదాపు 28 మీటర్లు, అంటే పావు సెకనే.

రెండోది ఇంకా పెద్దది. ఏళ్ల తరబడి ఆడితే రిఫ్లెక్సులు చురుకెక్కుతాయని, సీనియర్లు అందుకే బంతి అందుకుంటారని రాశాను. కంటికి కనబడ్డాక చెయ్యి కదలడానికే 0.2 సెకన్లు పోతాయి. ఇక మిగిలేదెంత? లైటు వెలగగానే బటన్ నొక్కే పరీక్షలో సీనియర్‌కీ కొత్తవాడికీ పెద్ద తేడా ఉండదు. అసలు తేడా కొట్టేవాడి చెయ్యి బంతికి తగలకముందే ఉంది.

నిన్న సాయంత్రం మా గ్రౌండ్‌లో పనిగట్టుకుని గమనించాను. కొత్త కుర్రాడు సెట్టర్ (కొట్టేవాడికి బంతి అందించేవాడు) లేపిన బంతినే తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. పక్కనున్న సీనియర్ ఒక్కసారి బంతిని చూసి, వెంటనే కొట్టేవాడి భుజం మీదకి చూపు దించాడు. చెయ్యి ఊపు తగ్గగానే అది ప్లేసింగ్ (గట్టిగా కొట్టకుండా ఖాళీలోకి మెల్లగా వేయడం) అని పసిగట్టి రెండడుగులు ముందుకొచ్చేశాడు. బంతి ఇంకా అవతలే ఉంది! నెట్ దగ్గర ఎగిరి స్మాష్‌ని అడ్డుకునే బ్లాకింగ్‌లోనూ ఇంతే: ఎత్తు బంతికి కొట్టేవాడితో పాటే ఎగిరితే ముందే దిగిపోతాం, ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణం ఎంతో ఆడగా ఆడగానే తెలుస్తుంది.

నా పోస్టు చూసి పిల్లల చేత రిఫ్లెక్స్ డ్రిల్సే చేయిస్తున్న కోచ్‌లకి మనవి: వాళ్లని కొట్టేవాడికి ఎదురుగా నిలబెట్టి, బంతి ఎటు వస్తుందో ముందే అరిచి చెప్పమనండి.