మోటారు స్విచ్చుకు ఓటెందుకు?

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాల ఉందనుకుందాం. తరగతి ప్రతినిధులను అధ్యాపకులు నియమించే పద్ధతి మాని, ఈ ఏడాది విద్యార్థుల ఓటుతో ఎన్నుకోవాలనీ, అలా గెలిచినవారే తమలో ఒకరిని కార్యదర్శిగా ఎంచుకోవాలనీ అక్కడ నిర్ణయించారు. 1980ల చివరి నుంచి మన రాష్ట్రంలో కళాశాల సంఘాలకు ప్రత్యక్ష ఎన్నికలు లేవు కాబట్టి ఈ మాత్రమైనా కొత్త సంగతే. మూడో సంవత్సరం బి.ఎస్సీ. చదివే ఒక అమ్మాయి నామినేషన్ పత్రం చేతపట్టుకొని, అక్కడే ఆర్థికశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారి ఇంటికి, అరసవల్లి వెళ్ళే దారిలోకి, సాయంత్రం పూట వచ్చింది. ఆమె తండ్రికీ ఆయనే పాఠాలు చెప్పారు. ఆశీర్వదించమని అడిగితే ఆయన వాదనకు దిగారు.

మాస్టారు: ముందు నీ ఇబ్బంది ఏమిటో చెప్పమ్మా. అది తెలియకుండా పదవి మంచిదో చెడ్డదో తేల్చలేం.

అమ్మాయి: నీళ్ళు, మాస్టారూ. ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్ళు మేడ మీది ట్యాంకు నుంచి వస్తాయి. ఆ ట్యాంకు నింపే మోటారు స్విచ్చు వాచ్‌మన్ గదిలో ఉంటుంది. ఆయన పొద్దున్న ఒకసారి మోటారు వేసి, పన్నెండున్నరకు గదికి తాళం పెట్టి భోజనానికి వెళ్తారు. మేమంతా తరగతుల నుంచి బయటపడే ఒంటిగంటకు కుళాయి తిప్పితే ముందు బుస్సుమని చప్పుడు, ఆ తరవాత నాలుగు చుక్కలు, అంతే. ల్యాబు ఉన్న రోజు సాయంత్రం దాకా ఉండాలి గనుక, చాలామంది పొద్దున్న ఇంటి దగ్గరే నీళ్ళు తాగడం మానేసి బయలుదేరుతున్నారు. మూడు అర్జీలు ఇచ్చాం. మూడింటి మీదా ఆఫీసు ముద్ర పడింది.

మాస్టారు: ఒక తాళంచెవికి నకలు చేయిస్తే తీరిపోయేదానికి నామినేషన్లూ ఓట్లూ ఎందుకు? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే.

అమ్మాయి: నకలు చేయించుకొని ఆ గది నేనే తెరిస్తే దొంగతనం అంటారు. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలో చెప్పగలిగినవారు చెప్పాలి, వారిచేత చెప్పించగలిగినవారు మాలో ఒకరు ఉండాలి. మొదటి అర్జీ మీద సంతకాలు పెట్టిన అక్కలు పరీక్షలు రాసి వెళ్ళిపోయారు. దాని సంగతి ఏమైందని కనుక్కోవడానికి నేను వెళ్తే ఆఫీసులో అడిగింది ఒకటే మాట: 'నువ్వెవరు?' అడిగినాయన కోపంగా కూడా అడగలేదు, మాస్టారూ. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

మాస్టారు: జవాబు చట్టంలోనే ఉంది. యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఉన్నత విద్యాసంస్థల్లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో సీనియర్ అధ్యాపకులతోపాటు ఒక విద్యార్థి కూర్చుంటాడు, సాధ్యమైనంతవరకు 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేటులో గ్రీవెన్సు ఉండనే ఉంది. ఇన్ని తలుపులు ఉండగా గోడకు కొత్తగా కన్నం పెట్టడం దేనికి?

అమ్మాయి: ఆ విద్యార్థి కమిటీలో ప్రత్యేక ఆహ్వానితుడు మాత్రమే. చదువులోనో, ఆటల్లోనో, ఇతర కార్యక్రమాల్లోనో ప్రతిభ చూసి అతణ్ణి నామినేట్ చేస్తారు. మా దగ్గర మొదటి ర్యాంకు వచ్చే అబ్బాయి మంచివాడే కానీ, అతని ఇల్లు కళాశాలకు కూతవేటు దూరం, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి భోంచేసి వస్తాడు. ఒంటిగంట కుళాయి గురించి అతనికి తెలియకపోవడం అతని తప్పు కాదు, తెలుసుకోకపోయినందువల్ల అతనికి పోయేదీ లేదు. అతణ్ణి కూర్చోబెట్టింది మేము కాదు కదా. ఇక సోమవారం కలెక్టరేటుకు వెళ్తే ఆ రోజు హాజరు పోతుంది. హాజరు మాకు ఎంత ఖరీదైనదో మీకు తెలుసు.

మాస్టారు: ఓటుతో వచ్చినవాడు జవాబు చెబుతాడని నీ నమ్మకం. నేను ఉద్యోగంలో చేరింది ఎనభైల్లో. అప్పటి ఎన్నికల్లో అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉంది, ఏ కులం ఉంది, ఏ కాంట్రాక్టరు ఉన్నాడు అని అడిగేవాళ్ళే తప్ప, గెలిస్తే ఏం చేస్తావని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఒక ఏడాది లెక్కింపు రోజున మెట్ల మీద కొట్టుకున్నారు, ఇద్దరికి తల మీద కుట్లు పడ్డాయి. అందులో ఒకడు ఆ ఏడు పరీక్షకు రాలేదు, ఆ తరవాతా రాలేదు. ఆసుపత్రి వరండాలో వాడి తల్లి పక్కన కూర్చున్నవాణ్ణి నేను. ఎన్నికలు ఆగిపోయినప్పుడు సంతోషించాను, ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

అమ్మాయి: మీరు కళ్ళారా చూసినదాన్ని కాదనను. దానికి మందు వెతికినవాళ్ళూ ఉన్నారు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన లింగ్డో కమిటీ 2006లో చేసిన సిఫారసుల ప్రకారం అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, పార్టీల సొమ్ము ముట్టుకోకూడదు, అచ్చు పోస్టర్లు కాక చేత్తో రాసినవే అతికించాలి, ఫలితం వచ్చిన రెండు వారాల్లో లెక్కలు అప్పజెప్పాలి. డిగ్రీ విద్యార్థికి వయసు 17 నుంచి 22 లోపు ఉండాలి, బ్యాక్‌లాగులు ఉండకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. ఈ షరతులన్నీ మా నోటీసులోనూ పెట్టారు. 1989లో దేశంలో ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. మన కళాశాలల్లో ఓటు పోయింది కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే. ఎంపీని ఎన్నుకోగల పిల్లకు కుళాయి గురించి అడిగే మనిషిని ఎన్నుకోవడం చేతకాదంటే ఎలా?

మాస్టారు: 5,000 అని రాసుకోవడం సులువు. పాతికమందికి బిరియాని పెట్టించి బిల్లు మామయ్య పేరున కట్టిస్తే ఏ ఆడిటరు పట్టుకుంటాడు? అచ్చు పోస్టరు వద్దంటే వాట్సాప్ ఉంది, దానికి మైదాపిండి జిగురు కూడా అక్కర్లేదు. అదలా ఉంచు. నువ్వు గొప్పగా చెప్పిన ఆ 75 శాతం దగ్గరికే వద్దాం. మీ ఊరి బస్సు ఎన్నింటికి వస్తుంది?

అమ్మాయి: ఆర్టీసీ కాంప్లెక్సుకు చేరేసరికి తొమ్మిదీ యాభై అవుతుంది. మొదటి పీరియడు తొమ్మిదిన్నరకు.

మాస్టారు: అంటే నాగావళి అవతలి ఊళ్ళ నుంచి ఆ బస్సు మీద వచ్చే ప్రతి పిల్లకూ మొదటి పీరియడు పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగులో టికెట్టు లేకపోవచ్చు గాని, ఆలస్యమైన బస్సుకు హాజరెవరూ వెయ్యరు. ఎవరికి బస్సుతో అందరికంటే ఎక్కువ ఇబ్బందో వాళ్ళే 75 శాతానికి చేరలేక పోటీకి పనికిరాకుండా పోతారు. మిగిలేది ఊళ్ళో ఇల్లున్న పిల్లలు. కమిటీలో మొదటి ర్యాంకు అబ్బాయి కూర్చుంటే తప్పన్నావు. రేపు నీ సంఘంలోనూ కూర్చునేది అతనే, కాకపోతే మెడలో దండ వేసుకొని కూర్చుంటాడు.

(ఈ మాటకు అమ్మాయి వెంటనే జవాబు చెప్పలేకపోయింది. ఇది రాస్తున్న నాకూ వెంటనే తోచలేదు.)

అమ్మాయి: నా హాజరు 77 శాతం, మాస్టారూ. ఒక్క జ్వరం వస్తే నేనూ పోటీలో ఉండేదాన్ని కాదు. మా బస్సులో వచ్చే పిల్లల్లో నిలబడడానికి అర్హత ఉన్నది నాకొక్కదానికే. కానీ ఆ షరతు నిలబడేవారికే, ఓటు వేసేవారికి కాదు. 60 శాతం హాజరున్న పిల్లకూ ఓటుంది, ఆ బస్సులో మా కళాశాల పిల్లలు నలభైమందికి పైగా ఉన్నారు. ఊళ్ళో ఇల్లున్న అబ్బాయి కార్యదర్శి కావాలన్నా ఆ నలభైమందిలో కొందరి దగ్గరికి రావాలి, వచ్చినప్పుడు వాళ్ళు అడిగేది బస్సు గురించే. ఇన్నాళ్ళూ వాళ్ళ దగ్గరికి ఎవరూ రాలేదు. రావలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

మాస్టారు: బస్సు ప్రిన్సిపాలు గారిది కాదు, డిపో వారిది. కార్యదర్శి చెబితే వాళ్ళు టైము మారుస్తారా?

అమ్మాయి: మార్చకపోవచ్చు. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతారో, ఎవరికి ఎన్ని పీరియడ్లు పోయాయో పట్టిక రాసి, దాని మీద ప్రిన్సిపాలు గారి సంతకం పెట్టించి డిపో మేనేజరుకు ఇస్తాను. అక్కడ కాదంటే ఆ పట్టికే పట్టుకొని, ఆ బస్సు వాళ్ళకు మొదటి పీరియడు హాజరు గురించి వేరే ఏర్పాటు చేయమని కళాశాలను అడుగుతాను. ఇది ఒక్కరోజు అర్జీతో అయ్యే పని కాదు. ఏడాది పొడుగునా పదిసార్లు తిరగాలి, తిరిగిన ప్రతిసారీ 'నువ్వెవరు' అనిపించుకోకుండా ఉండాలి. మాస్టారూ, ఒకటి అడుగుతాను. మీరు చూసిన ఆ ఎన్నికల్లో గెలిచినవాళ్ళు ఏమీ చేయలేదా?

మాస్టారు: ఒకడు లైబ్రరీ సాయంత్రం ఏడు దాకా తెరిపిస్తానన్నాడు.

అమ్మాయి: తెరిపించాడా?

మాస్టారు: తెరిపించాడు. హాస్టలు పిల్లలు వెళ్ళి చదువుకొనేవారు. వాడి మీద నాకు ఏమాత్రం గౌరవం లేదు, మూడో నెలకే ఎవరో నాయకుడి కారు ముందు పరిగెడుతూ కనిపించాడు. అయినా లైబ్రరీ మాత్రం తెరిపించాడు. సంఘాలు పోయిన కొన్నాళ్ళకు దాన్ని మళ్ళీ ఐదింటికే మూసేశారు.

అమ్మాయి: అప్పుడు ఎవరూ అడగలేదా?

మాస్టారు: ఎవరు అడుగుతారు? నేనూ అడగలేదు. ఐదింటికి ఇంటికి పోవడం మాకూ సుఖంగానే ఉండేది. సరే, ఆ కాగితం ఇలా ఇయ్యి. ప్రతిపాదించేవారి సంతకం ఉంది, బలపరిచేవారిదీ ఉంది. ఎప్పటిలోగా ఇవ్వాలి?

అమ్మాయి: రేపు ఉదయం పది గంటల్లోగా, అభ్యర్థి స్వయంగా.

మాస్టారు: కాంప్లెక్సు నుంచి కళాశాలకు నడక ఎంతసేపు?

అమ్మాయి: పావుగంట. రేపు బస్సు ఎక్కను, ఆటోలో వస్తాను. అరవై రూపాయలు అడుగుతాడు.

మాస్టారు: నిన్ను నిలబడమని నేను అనలేదు, అది గుర్తుపెట్టుకో. కానీ ఒక నోటుబుక్కు కొనుక్కో. ఆ అరవై రూపాయలూ అందులో మొదటి పద్దుగా రాయి. ఫలితం వచ్చిన రెండు వారాలకు ఆ పుస్తకం ముందు నాకు చూపించాలి, తరవాతే కళాశాలకు.