తక్కినవారు ఆమేన్ అనవలెను

మొదటి కొరింథీయుల పత్రిక 14వ అధ్యాయం 29వ వచనాన్ని సవరించాల్సిన సమయం వచ్చింది. "ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాటలాడవచ్చును, తక్కినవారు వివేచింపవలెను" అని అక్కడ ఉంది. అంటే దేవుడి మాటగా చెప్పినదాన్ని విన్నవాళ్లు పరీక్షించి చూడాలి. మొదటి సగంతో ఎవరికీ పేచీ లేదు. ఇద్దరు ముగ్గురు అన్నచోట ఒక్కరే రెండున్నర గంటలు మాట్లాడటం సర్దుకుపోదగ్గ తేడాయే. ఇబ్బందల్లా రెండో సగంతో. ఆదివారం ఆరాధనలో పాటలకు నలభై నిమిషాలు, ప్రకటనలకు పదిహేను, వాక్యానికి గంట, ప్రవచనానికి ఎంతసేపైనా ఇస్తున్నాం. వివేచనకు ఎన్ని నిమిషాలు? దానికి మైకు ఎవరి చేతిలో పెట్టాం? ఆచరణలో ఎప్పుడో రద్దయిన నియమాన్ని ఇంకా అచ్చులో ఉంచి సండే స్కూలు పిల్లల చేత కంఠతా పట్టించడం న్యాయం కాదు.

ఆ పత్రిక రాసిన పౌలు కాలం వేరు. అప్పట్లో సంఘం ఎవరో ఒకరి ఇంట్లో కూడేది. ప్రవచించినవాడు మర్నాడు సంతలో ఎదురయ్యేవాడు, పట్టుకుని అడగొచ్చు. ఆ ధీమాతోనే కాబోలు 30వ వచనంలో ఇంకో మెలిక పెట్టాడు: కూర్చున్న మరొకరికి ఏదైనా బయలుపడితే, మాట్లాడుతున్నవాడు ఊరుకోవాలి. ఇది అమలైతే ఏమవుతుందో ఆలోచించండి. చెప్పుల స్టాండు పక్కన కూర్చున్న ముసలమ్మకు ఏదో బయలుపడిందని, నాలుగు రోడ్ల కూడలిలో ఫ్లెక్సీ కట్టించి రప్పించిన దైవజనుడు మైకు కింద పెట్టాలి. రానూపోనూ ఛార్జీలు, ఏసీ గది, శాలువా, కానుక కవరు ఏమైపోవాలి? 32వ వచనం మరీ అన్యాయం. ప్రవక్తల ఆత్మలు ప్రవక్తల స్వాధీనంలోనే ఉంటాయట. అంటే "నన్ను నేను ఆపుకోలేకపోయానండీ" అనే సాకు కూడా చెల్లదు.

కనుక వివేచన లేకుండా ప్రవచన ఘట్టం సజావుగా నడిచే పద్ధతిని ఒకచోట రాసి పెట్టడం అవసరం.

ముందు సంగీతం. చివరి పాట నెమ్మదిదై ఉండాలి. రిథమ్ ప్యాడ్ ఆగిపోవాలి, కీబోర్డు మాత్రం ఒకే కార్డ్ మీద నిలబడాలి. మైకుకు ఎకో కాస్త పెంచాలి. కీబోర్డు తమ్ముడికి గట్టిగా చెప్పి ఉంచండి: మధ్యలో ఫోను చూసుకుంటూ చెయ్యి తీసేశాడా, మాటలు మాటల్లా వినబడతాయి. అంతకంటే ప్రమాదం లేదు. అందరినీ కళ్లు మూసుకోమనాలి. తెరిచి ఉన్నవాడు చుట్టూ చూస్తాడు, చూసినవాడు లెక్కపెడతాడు.

తర్వాత భాష. "నా కుమారుడా, భయపడకుము, నేను నీకు తోడైయున్నాను" అని పాత బైబిలు తెలుగులో మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే. ఆ వ్యాకరణం ఎక్కువసేపు నిలవదు. పది వాక్యాలయ్యాక "నీకు మంచి ప్యాకేజీ ఇచ్చెదను, టెన్షన్ పడకుము" దాకా వస్తుంది. ఫరవాలేదు, ఈలోగా ఆమేన్‌లు మొదలై ఉంటాయి.

ఇక విషయం. మూడు వందల మంది కూర్చున్న హాల్లో "ఇక్కడ మోకాలి నొప్పితో ఒక సహోదరి ఉన్నారు" అనండి. ఒక్కరే లేస్తే అదే అద్భుతం. "'సు' అక్షరంతో పేరు" అనండి. సునీత, సుజాత, సుగుణ, సుశీల, సువార్త, సురేష్. మన సంఘాల హాజరు పట్టీలో ఈ అక్షరానికి ఒక పేజీ సరిపోదు. భూమి తగాదా, కోర్టు కేసు, తెగని అప్పు, కుదరని సంబంధం: ఈ నాలుగూ తాకని ఇల్లు ఉభయ రాష్ట్రాల్లో ఉంటే చూపించండి. ఒకవేళ ఎవరూ చెయ్యి ఎత్తకపోతే? పూర్వం చెమటలు పట్టేవి. యూట్యూబ్ లైవ్ వచ్చాక ఏ మాటా నేలపాలు కావడం లేదు. "ఆ వ్యక్తి ఇప్పుడు లైవ్‌లో చూస్తున్నారు" అంటే చాలు.

మరీ సూటిగా పేరూ ఊరూ చెప్పాలనుకునేవారికి ప్రార్థన మనవి చీటీలు ఉన్నాయి. పేరు, ఫోను నంబరు, సమస్య అని గుమ్మం దగ్గర రాయించుకున్నదే గంట తర్వాత వేదిక మీద బయలుపడుతుంది. దీన్ని యంత్రాల పాలు చెయ్యకూడదు. అమెరికాలో పీటర్ పాపాఫ్ అనే స్వస్థత బోధకుడు చేసిన పొరపాటు అదే. చీటీల్లోని వివరాలను ఆయన భార్య రేడియోలో చదివితే, ఆయన చెవిలోని బుల్లి రిసీవర్‌లో వినబడేవి. 1986లో ఇలాంటి మోసాలను బయటపెట్టే ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ బృందం స్కానర్‌తో 39.17 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ గొంతును పట్టుకుని టీవీలో ఊరందరికీ వినిపించింది. మరుసటి ఏడాది ఆయన దివాలా తీశాడు, తర్వాత మళ్లీ టీవీలోకే వచ్చాడు. జ్ఞాపకశక్తి ఉన్న వాలంటీరుకు ఫ్రీక్వెన్సీ ఉండదు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది గడువు విషయంలో. యిర్మీయా 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త కథ ఇందుకు పాఠం. యూదుల మీద బబులోను పెత్తనమనే కాడి విరిగిపోతుంది, మందిరపు సామాను తిరిగొస్తుంది అని జనం వినాలనుకున్నదే చెప్పాడు. వేదిక మీద ఆ పెత్తనానికి గుర్తుగా యిర్మీయా మెడకు వేసుకున్న కాడిని విరిచి ప్రదర్శన కూడా ఇచ్చాడు. అంతా బాగానే ఉంది గానీ "రెండేళ్లలో" అన్నాడు. రెండేళ్లంటే విన్నవాళ్లు బతికే ఉంటారు కదా! యిర్మీయా చెప్పింది డెబ్బై ఏళ్లు. సభలో సగం మందికి సరిచూసే ఆయుష్షే లేదు. విచిత్రం ఏమిటంటే హనన్యా మాట విని యిర్మీయా ముందు "ఆమేన్" అన్నాడు, ఆ తర్వాతే పరీక్ష పెట్టాడు. మనం ఆ ఆమేన్ దగ్గర ఆగిపోతే చాలు. హనన్యా ఆ సంవత్సరమే ఏడో నెలలో చనిపోయాడన్న వాక్యాన్ని కూటముల్లో చదవక్కర్లేదు.

"త్వరలో", "ఈ కాలంలో", "మూడు" అన్నవి క్షేమకరమైన గడువులు. మూడు రోజులా, నెలలా, ఏళ్లా అనేది విన్నవారి విశ్వాసానికి వదిలేయాలి. అయినా జరగకపోతే? ద్వితీయోపదేశకాండం 18వ అధ్యాయం ప్రకారం ఆ మాట యెహోవా చెప్పింది కాదు, ఆ ప్రవక్తకు భయపడనక్కర్లేదు. అంత కఠినంగా పోతే ఎలా? యోనాను తీసుకురండి. నలభై రోజుల్లో నీనెవె నాశనం అన్నాడు, కాలేదు. అక్కడ ఊరంతా పశ్చాత్తాపపడి గోనెపట్ట కట్టుకుందన్న సంగతి ఎవరూ గుర్తు చెయ్యరు. దాంతోనూ ప్రశ్నలు ఆగకపోతే, కారణం మీ ఇంట్లో ఎవరిదో అవిశ్వాసం. ఇంకా అడిగేవాడికి కీర్తన 105:15, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు". అది అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల మీద చెయ్యి వెయ్యొద్దని రాజులకు చేసిన హెచ్చరిక. సంఘంలో ప్రశ్న అడిగే డిగ్రీ కుర్రాడికి కూడా చక్కగా అతుకుతుంది.

పాత కాలం వాళ్లకు అనుమానం మరీ ఎక్కువ. 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన 'డిడకే' అనే తొలినాటి సంఘ నియమావళి చూడండి. ఊరికి వచ్చిన అపొస్తలుడు మూడు రోజులు ఉంటే అబద్ధ ప్రవక్త. ఆత్మవశుడై "నాకు డబ్బివ్వండి" అంటే వినొద్దు, అవసరంలో ఉన్న ఇతరుల కోసం అడిగితే తీర్పు తీర్చొద్దు. ఆత్మవశుడై భోజనం బల్ల వేయించి తానే కూర్చుని తింటే వాడూ అబద్ధికుడే. ఈ లెక్కన మటన్ వండిన ప్రతి ఆదివారం మనకు ఎంతమంది మిగులుతారు?

ఇంకా విచారకరం, ఇప్పటికీ కొన్ని సంఘాల్లో ఈ చాదస్తం ఉంది. ప్రవచనం ఉందన్నవాడు ముందు ఇద్దరు పెద్దలకు చెప్పాలి. చెప్పిందంతా రికార్డు చేసి తేదీ వేస్తారు. ఫలానా అమ్మాయి నీ భార్య అనకూడదు, కడుపులో మగబిడ్డ అనకూడదు, షుగరు మందు ఆపెయ్యమని అసలే అనకూడదు. తప్పయితే తప్పని అదే మైకులో చెప్పాలి. ఈ చివరిదాని ఫలితం లోకం చూసింది: 2020 అమెరికా ఎన్నికల్లో ట్రంప్ మళ్లీ గెలుస్తాడని ప్రవచించిన పలువురిలో కొద్దిమంది 2021 జనవరిలో క్షమాపణ అడిగారు. వారిలో ఒకరు తనకు చావు బెదిరింపులు వచ్చాయని చెప్పుకున్నారు. తప్పు చెప్పినందుకు కాదు, తప్పని ఒప్పుకున్నందుకు.

ఎంత లాభసాటి పనిని ఎంత చిక్కులో పడేస్తున్నారో వీసాల సంగతి చూస్తే తెలుస్తుంది. ఏటా మార్చిలో అమెరికా ఉద్యోగ వీసా హెచ్1బికి లాటరీ. ఉన్నవి 85,000, నమోదయ్యేవి లక్షల్లో. డాలస్ నుంచీ న్యూజెర్సీ నుంచీ జూమ్ ప్రార్థనకు వచ్చిన నలభై మందికి "నీ ద్వారం తెరుచుకుంది" అని చెబితే, నాలుగింట ఒకటి తగిలినా పది సాక్ష్యాలు. మిగతా ముప్పై మంది మ్యూట్‌లో ఉంటారు. వీరి పేర్లు రాసిపెట్టే పుస్తకం మొదలుపెట్టమని ఎవరైనా పెద్ద అడిగితే, ఆయనను వంటల కమిటీకి మార్చండి.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు ముందు ఒక పని మరచిపోవద్దు. నిరుడు ఇదే రాత్రి చెప్పిన ప్రవచనాల వీడియోను ఛానెల్ నుంచి డిలీట్ చెయ్యకండి, ప్రైవేట్‌లో పెట్టండి. ఏడాదిలో ఏ ఒక్కటి జరిగినా ఆ నలభై సెకన్ల ముక్క కత్తిరించి మళ్లీ పెట్టుకోవాలి కదా.