దయ్యం పట్టింది మలుపుకా, రోడ్డుకా?

హైవే మీద ఒకే చోట ఇద్దరు ముగ్గురు పోతే మన సీమలో 'ఆ చోటు మంచిది కాదు' అనేస్తారు. ఓ రాయి పాతి, పసుపు కుంకుమ పెడతారు. తప్పు దయ్యం ఖాతాలో పడిపోతుంది. రోడ్డు వేసినవాళ్లకు హాయి.

అమెరికాలోనూ ఒక దయ్యం ఉంది. 2003లో సెయింట్ లూయిస్‌లో ఒక కారు సైకిలిస్టును గుద్దడం చూసిన ప్యాట్రిక్ వాన్ డెర్ టుయిన్, అదే చోట విరిగిన సైకిల్‌కు తెల్ల పెయింటు వేసి నిలబెట్టారు. అది చూసి డ్రైవర్లు స్పీడు తగ్గించడం ఆయన గమనించారు. తర్వాత చాలా దేశాల్లో అలాంటివి వెలిశాయి. వాటికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు దయ్యం సైకిల్.

పొద్దు గుంకే వేళ కర్నూలు నుంచి అనంతపురానికి 44వ నంబరు హైవే మీద వెళ్లి చూడండి. డివైడర్ సందు దగ్గర పచ్చిగడ్డి మోపుతో ఓ సైకిల్ ఆగి ఉంటుంది. మడ్‌గార్డు మీది ఎర్ర రిఫ్లెక్టర్ ఆ మోపు చాటున ఎప్పుడో మాయమైంది. చేను అవతల, ఇల్లు ఇవతల. రాంగ్ రూట్లో వస్తే తిట్టుకుంటాం గానీ, యూటర్న్ ఎంత దూరంలో ఉందో మనం చూడం.

2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో నూటికి 70 మందికి పైగా ఓవర్‌స్పీడ్ వల్లే. కానీ జాతీయ రహదారిపై ఒక చోటును బ్లాక్‌స్పాట్ అనాలంటే 500 మీటర్ల లోపు మూడేళ్లలో పెద్ద ప్రమాదాలు ఐదైనా జరగాలి, లేదా పది మందైనా చావాలి. గడ్డి మోపుతో పోయిన ఒక్కడు ఈ లెక్కకు చాలడు. అందుకే మన దగ్గరా అలా పోయిన చోట తెల్ల సైకిల్ పెట్టాలి. అది మాత్రం ఆ మొదటివాడి దగ్గరే లెక్క మొదలుపెడుతుంది.

ఇంటివాళ్లు ఫోటోతో ఫ్లెక్సీ కడతారు, నిజమే. వందలో పోయే డ్రైవరు దాన్ని చదవలేడు. సైకిల్‌ను చదవక్కర్లేదు, కనిపిస్తే చాలు. చీకట్లో కనిపించాలంటే రేడియం టేపు చుట్టాలి. గొలుసు వేయకపోతే వారంలో పాత ఇనుప సామాన్ల బండి ఎక్కేస్తుంది, అది వేరే సంగతి.

రోడ్డుకు అడ్డమని అధికారులు తీసేస్తామంటే, అంచుకు జరపమనొచ్చు. పూర్తిగా తీసేయడానికి మాత్రం పంచాయతీలు ఒకటే షరతు పెట్టాలి: ముందు ఆ సందు దగ్గర అండర్‌పాసో, సర్వీసు రోడ్డో, కనీసం ఒక లైటో రావాలి.